ఫ్రీ మెయిల్‌లో మీ కాగితాలు ఎన్ని ఉన్నాయి? ఒక ఆదివారం కూర్చుని సర్దుకునే పద్ధతి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మాది చిన్న జిరాక్స్ షాపు. రెండు ప్రింటర్లు, మూడు కంప్యూటర్లు, ఒక లామినేషన్ మెషిన్. 2010లో షాపు పెట్టినప్పుడే దాని పేరు మీద ఒక జీమెయిల్ తెరిచాను. ఆ అడ్రసు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి కౌంటర్‌కి అతికించాను. వచ్చినవాళ్లు ఫోన్లోంచి దానికి ఫైలు పంపిస్తారు, నేను ప్రింట్ తీసిస్తాను, డబ్బులిచ్చి ఎవరి దారిన వాళ్లు పోతారు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆ మెయిల్ మొరాయించింది. ఇచ్చిన 15 జీబీ నిండిపోయింది, ఇక కొత్త మెయిళ్లు రావు అని పైన ఎర్ర గీత. కౌంటర్ ముందేమో ఎనిమిది మంది. పాతవి నాలుగు తీసేద్దామని వెనక్కి వెళ్తూ పోయాను. ఆధార్ కార్డులు. ఇంటర్ మెమోలు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కుల ధ్రువపత్రాలు, ఎవరిదో కడుపు స్కానింగ్ రిపోర్టు, ఒకావిడ విడాకుల పిటిషన్. ఈ సందులో కోచింగ్‌కి వచ్చి వెళ్లిన పిల్లల కాగితాలన్నీ ఒకే ఒక్క పాస్‌వర్డ్ వెనక పడి ఉన్నాయి. ఆ పాస్‌వర్డ్ ఏమిటంటే షాపు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. నా దగ్గర పని మానేసి వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లకూ అది తెలుసు.

ఆ రాత్రి షట్టర్ దించి ముందు షాపు మెయిల్, తర్వాత నా సొంత మెయిల్ సర్దాను. నా మెయిల్ కూడా ఏమంత గొప్పగా లేదు. అప్పుడు చేసిన పనులు, తర్వాత వచ్చినవాళ్లకి చెప్తూ చెప్తూ నేర్చుకున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎక్కువగా జీమెయిల్ గురించే, ఎందుకంటే షాపుకి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి ఉండేది అదే. యాహూ, అవుట్‌లుక్ వాడేవాళ్లకి మెనూల పేర్లు మారతాయి, పని అదే.

ముందు కంపెనీ సంగతి

"అన్నా, గూగుల్ మన మెయిళ్లు చదువుతుందంట కదా?" అని చాలామంది అడుగుతారు. ప్రశ్న మంచిదే, సగం మాత్రం పాతబడింది.

ఫ్రీ మెయిల్ అనేది జనంలోకి వచ్చింది 1996 జులైలో, సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ మొదలుపెట్టినప్పుడు. మరుసటి ఏడాది చివర్లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2004 ఏప్రిల్ 1న గూగుల్ ఏకంగా 1 జీబీ ఇస్తానంటే, తారీఖు చూసి చాలామంది జోక్ అనుకున్నారు. జోక్ కాదు. దానికి బదులుగా మెయిల్‌లో ఉన్న మాటల్ని మెషిన్ చూసి, వాటికి తగిన ప్రకటనలు పక్కన పెట్టేది. ప్రకటనల కోసం అలా చూడటం ఆపేస్తున్నామని 2017 జూన్‌లో గూగుల్ ప్రకటించింది. యాహూ మెయిల్ నడిపిన కంపెనీ మాత్రం ఆ తర్వాత కూడా ఆ పని మానలేదని 2018లో అమెరికా పత్రికలు రాశాయి.

ప్రకటనల కోసం చూడటం ఆగినంత మాత్రాన మెషిన్ కళ్లు మూసుకోలేదు. స్పామ్ పట్టుకోవడానికి చూడాలి, వైరస్ పట్టుకోవడానికి చూడాలి. మీ రైలు టికెట్ దానంతటదే క్యాలెండర్‌లో ఎక్కిందంటే, కొరియర్ ఎప్పుడొస్తుందో ఇన్‌బాక్స్ పైనే కనిపించిందంటే, ఎవరో ఆ మెయిల్ చూసినట్టే కదా. కొనుక్కున్న వస్తువుల రసీదులన్నీ మెయిల్‌లోంచి ఏరి గూగుల్ ఒక పేజీలో పేరుస్తోందని 2019లో బయటపడినప్పుడు, అలాంటి పేజీ ఒకటి ఉందని తెలియనివాళ్లే ఎక్కువ.

ఇంకొకటి. మెయిల్ దారిలో ఉన్నంతసేపు చాలావరకు మూసిన కవర్లోనే వెళ్తుంది. చేరాక కంపెనీ సర్వర్లో భద్రంగానే ఉంటుంది, కానీ ఆ బీరువా తాళంచెవి మీ దగ్గర ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. కోర్టు అడిగినా, ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం అడిగినా తెరవగలిగేది వాళ్లే. దాన్ని మీరు సెట్టింగుల్లో మార్చలేరు.

ఇంత చెప్పినా, నా షాపులో కూర్చుని నేను చూసిన నష్టాల్లో కంపెనీ చేసింది ఒక్కటీ లేదు. లాగౌట్ చేయని మెయిల్, పాత ఫోన్ నంబరు, ఎప్పుడో పర్మిషన్ ఇచ్చిన యాప్, ఎవరికో పంపి మర్చిపోయిన ఆధార్, నష్టమంతా వీటివల్లే. వీటిని మాత్రం మనమే సరిచేసుకోవచ్చు. గంటన్నర చాలు. కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోన్లో వద్దు. కింద చెప్పినవాటిలో కొన్ని ఫోన్ యాప్‌లో అసలు కనిపించవు. ఆ కంప్యూటర్ మీ ఇంటిదై ఉండాలి, నా షాపుది కాదు.

మొదటి పని: లోపల ఎవరున్నారో చూడండి

జీమెయిల్ తెరిచి ఇన్‌బాక్స్ పేజీ అట్టడుగుకు వెళ్లండి. కుడి మూలలో "లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ" అని సన్నని అక్షరాల్లో ఉంటుంది, దాని కింద "డీటెయిల్స్". అది నొక్కితే మీ మెయిల్ ఈమధ్య ఎప్పుడు, ఎక్కడినుంచి, దేనిలో తెరుచుకుందో వరసగా వస్తుంది. తర్వాత పైన మీ ఫోటో మీద నొక్కి, "మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్"లోకి వెళ్లి, "సెక్యూరిటీ"లో "యువర్ డివైజెస్" చూడండి. అమ్మేసిన ఫోన్, మానేసిన ఆఫీసు ల్యాప్‌టాప్, మూడేళ్ల కిందటి నెట్ సెంటర్ కంప్యూటర్, ఏదైనా ఉంటే దాని మీద నొక్కి "సైన్ అవుట్" చేయండి.

ఊరి పేరు చూసి మాత్రం వెంటనే టెన్షన్ పడకండి. మీరు కూకట్‌పల్లిలో కూర్చుని మొబైల్ డేటా మీద తెరిచినా అక్కడ చెన్నై అనో ముంబై అనో చూపించవచ్చు. నెట్‌వర్క్ ఎక్కడ బయటికి తేలితే ఆ ఊరే పడుతుంది. ఊరికంటే ఫోన్ మోడల్, టైము చూడండి. మీకు తెలియని ఫోన్ రాత్రి రెండింటికి తెరిచిందంటే అప్పుడు భయపడాలి.

మా షాపులో రోజుకి ఇద్దరు ముగ్గురు లాగౌట్ చేయకుండానే వెళ్లిపోతారు. ఒక పెద్దాయన పెన్షన్ కాగితం ప్రింట్ కోసం వచ్చారు. పాస్‌వర్డ్ టైప్ చేయగానే "సేవ్ చేయమంటారా?" అని బ్రౌజర్ అడిగింది, ఆయన "సేవ్" నొక్కారు. కంప్యూటర్ ఏదైనా అడిగితే ఒప్పుకోవాలి కదా అన్నట్టు నొక్కారు. ఆయన వెళ్లాక నేను తీసేశాను. తర్వాత కూర్చున్నవాడు అలా తీసేస్తాడని ఏముంది?

రెండో పని: దొడ్డిదారులు మూయండి

అన్నిటికంటే తక్కువ మందికి తెలిసింది ఇదే. కాబట్టి నిదానంగా చదవండి.

ఎవరైనా మీ మెయిల్‌లోకి దూరితే వాళ్లు చేసే మొదటి పని మెయిళ్లు చదవడం కాదు. ఇక మీదట వచ్చేవన్నీ తమకూ ఒక కాపీ వచ్చేలా పెట్టుకోవడం. ఆ ఏర్పాటు ఒక్కసారి చేశాక మీరు పాస్‌వర్డ్ మార్చినా వాళ్లకి ఏం గాదు. ముందు తలుపుకి కొత్త తాళం వేశారు, పెరటి తలుపు తెరిచే ఉంది.

జీమెయిల్‌లో పైన పళ్లచక్రం గుర్తు నొక్కి "సీ ఆల్ సెట్టింగ్స్" తెరవండి. అక్కడ మూడు ట్యాబ్‌లు చూడాలి. "ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్"లో మీరు పెట్టని అడ్రసు ఏదైనా ఉంటే తీసేయండి. "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్"లో ప్రతి ఫిల్టర్‌నీ చదవండి. మీ బ్యాంకు పేరుతో వచ్చినవి నేరుగా ట్రాష్‌లోకి వెళ్లాలని ఒక ఫిల్టర్ ఉందంటే అది మీరు పెట్టింది అయ్యుండదు. డబ్బు పోయిన మెయిల్ మీ కంట పడకుండా చేసే ఎత్తు అది. చివరగా "అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్"లో "గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్" దగ్గర ఎవరి పేరైనా ఉందా చూడండి. అక్కడ పేరున్నవాళ్లు మీ పాస్‌వర్డ్ లేకుండానే మీ మెయిల్ తెరిచి, మీ పేరు మీద జవాబులు కూడా ఇవ్వగలరు.

మాకు తెలిసిన ఒక ట్రావెల్స్ ఆయనకి ఇదే జరిగింది. కస్టమర్లు పంపిన అడ్వాన్సు మెయిళ్లు ఆయన కంటే ముందు వేరేవాడు చూసి, వేరే అకౌంట్ నంబరుతో జవాబు ఇచ్చేవాడు. ఆయన మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చారు. ఫార్వర్డింగ్ ట్యాబ్ సంగతి ఆయనకు తెలియదు.

మూడో పని: యాప్‌లకి ఇచ్చిన తాళాలు వెనక్కి తీసుకోండి

గూగుల్ అకౌంట్‌లో "సెక్యూరిటీ" కింద మీ అకౌంట్‌కి జోడించిన బయటి యాప్‌ల వరస ఉంటుంది. అక్కడ రెండు రకాలు కనిపిస్తాయి. "సైన్ ఇన్ విత్ గూగుల్" వాడిన వాటికి సాధారణంగా మీ పేరు, మెయిల్ ఐడీ, ఫోటో మాత్రమే వెళ్తాయి. వాటితో పెద్ద గొడవ లేదు. కొన్నిటి పక్కన మాత్రం జీమెయిల్ చదవడానికి, పంపడానికి, తీసేయడానికి అనుమతి ఉందని రాసి ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది వీటితో.

ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తామని, ఖర్చుల లెక్క చూపిస్తామని, టికెట్లన్నీ ఒకచోట పెడతామని ఫ్రీగా వచ్చేవి ఇలాంటి అనుమతే అడుగుతాయి. ప్రకటనల మెయిళ్లు ఆపిపెట్టే అన్‌రోల్ డాట్ మీ అనే సర్వీసు సంగతి చూడండి. జనం మెయిళ్లలోంచి, ఉబర్‌కి పోటీ అయిన లిఫ్ట్ అనే అమెరికా క్యాబ్ కంపెనీ రసీదులు ఏరి, పేర్లు తీసేసి, ఆ సమాచారాన్ని దాని మాతృసంస్థ ఉబర్‌కి అమ్మిందని 2017లో బయటికొచ్చింది. వాళ్లు దొంగతనంగా చేసిందేం లేదు, వాడకం షరతుల్లో రాసే ఉంది. మనమే "అలౌ" నొక్కి ముందుకు పోయాం.

ఆరు నెలలుగా తెరవని యాప్ ఏదైనా సరే, ఆలోచించకుండా తీసేయండి. అవసరమైతే మళ్లీ అడుగుతుంది.

నాలుగో పని: కాగితాలు ఖాళీ చేయండి

ఇది ఎక్కువసేపు పడుతుంది. టీ పెట్టుకుని కూర్చోండి.

పైన సెర్చ్ పెట్టె చివర గీతల గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఒక చిన్న ఫారం తెరుచుకుంటుంది. దానిలో "హ్యాజ్ అటాచ్‌మెంట్" గడిలో టిక్ పెట్టి, "హ్యాజ్ ద వర్డ్స్" దగ్గర ఆధార్ అని ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. తర్వాత పాన్, పాస్‌పోర్టు, మెమో, స్టేట్‌మెంట్, రెజ్యూమె, సేల్ డీడ్, రెంట్ అగ్రిమెంట్. ఇన్‌బాక్స్ ఒక్కటే చూస్తే సరిపోదు, "సెంట్"లోనూ చూడాలి. మనవాళ్ల కాగితాలు ఇన్‌బాక్స్‌లో కంటే సెంట్‌లోనే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే అడిగినవాళ్లందరికీ పంపింది మనమే. ఇల్లు చూపించిన బ్రోకర్‌కి, హాస్టల్ వార్డెన్‌కి, సిమ్ కార్డు కుర్రాడికి, ఇంటర్వ్యూకే పిలవని కన్సల్టెన్సీకి.

"ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా" అంటారు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ ఏమిటో దేశం మొత్తానికి తెలుసు: పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు పంపే నోటీసుకి పాన్ నంబరు, పుట్టిన తేదీ. ఇక అదే మెయిల్‌లో రెండు వరసల కింద మీ రెజ్యూమె ఉంటుంది, అందులో పేరు, పుట్టిన తేదీ రెండూ ఉంటాయి. తాళం వేసి, చెవి దాని పక్క మేకుకే తగిలించినట్టు.

రెజ్యూమె మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. అమీర్‌పేట రెజ్యూమె నేను వేల సంఖ్యలో ప్రింట్ తీశాను. చివర "పర్సనల్ డీటెయిల్స్" అని ఒక పట్టిక ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఇంటి నంబరుతో సహా ఊళ్లో అడ్రసు, కొందరైతే పాస్‌పోర్టు నంబరు కూడా. బ్యాంకుకి ఫోన్ చేస్తే మీరే మాట్లాడుతున్నారా అని తేల్చుకోవడానికి వాళ్లు అడిగే ప్రశ్నల జవాబులు ఇవే. సీనియర్ దగ్గర తెచ్చుకున్న ఫార్మాట్‌లో ఉందని అందరూ నింపుతారు తప్ప ఉద్యోగానికి ఆ పట్టిక అక్కర్లేదు. పేరు, ఫోన్, మెయిల్, ఊరు చాలు. మిగతావి ఆఫర్ లెటర్ వచ్చాక వాళ్లు అడుగుతారు.

దాచుకోవాల్సినవి ముందు కంప్యూటర్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివైతే డిజిలాకర్ ఉండనే ఉంది, మెయిల్‌లో ఇంకో కాపీ దాచాల్సిన పని లేదు. తర్వాత మెయిల్‌లోంచి తీసేయండి. తీసేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, కాబట్టి ట్రాష్ కూడా ఖాళీ చేయండి. అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో ఉన్న కాపీ మాత్రం మీ చేతిలో లేదు. జీమెయిల్ పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకోనిచ్చేది ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే, అది కూడా సెట్టింగుల్లో పెంచుకుంటేనే. "కాన్ఫిడెన్షియల్ మోడ్" అని ఒకటుంది, గడువు పెట్టి పంపవచ్చు, ఫార్వర్డ్, డౌన్‌లోడ్ కుదరవు. స్క్రీన్‌షాట్‌ని మాత్రం అది ఆపలేదు. అందులోనూ తాళంచెవి గూగుల్ దగ్గరే.

ఇక మీదట ఎవరైనా ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. మైఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ గడిలో టిక్ పెడితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా, చివరి నాలుగు మాత్రమే ఉన్న కార్డు వస్తుంది.

నాలాంటి షాపుకి వచ్చినప్పుడు

నా వ్యాపారానికి నష్టమే అయినా చెప్తాను. అన్నిటికంటే మంచిది కేబుల్‌తో గానీ పెన్‌డ్రైవ్‌తో గానీ ప్రింట్ తీయించుకోవడం. పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉంచండి. ఎందుకంటే మా కంప్యూటర్లలో వైరస్ లేదని నేనే ప్రమాణం చేయలేను. మెయిల్ చేయక తప్పకపోతే ప్రింట్ కావాల్సిన పేజీ మాత్రమే పంపండి, పన్నెండు పేజీల స్టేట్‌మెంట్ మొత్తం వద్దు.

ప్రింట్ చేతికి రాగానే వెళ్లిపోకుండా అడగండి: "అన్నా, ఆ మెయిల్ తీసేయండి, ట్రాష్‌లో కూడా తీసేయండి, డౌన్‌లోడ్స్‌లో కూడా." మూడు చోట్లా. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మొహమాటపడి వెళ్లిపోతే మాత్రం అవి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు. మా కంప్యూటర్‌లో మీ మెయిల్ తెరవక తప్పకపోతే బ్రౌజర్ ఏమీ గుర్తుపెట్టుకోని "ఇన్‌కాగ్నిటో" కిటికీలో తెరిచి, అయిపోగానే లాగౌట్ చేసి, కిటికీ మూసి లేవండి. ఇంటికెళ్లాక ఫోన్లో "యువర్ డివైజెస్" ఒకసారి చూసుకోండి.

ఐదో పని: తాళం

పాస్‌వర్డ్ గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్తాను. మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు, పొడుగ్గా ఉండాలి. నాలుగు సంబంధం లేని తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. మీ మెయిల్ ఐడీ ఏ లీకులో ఉందో హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అక్కడ ఐడీ మాత్రమే కొట్టాలి. పాస్‌వర్డ్ కూడా కొట్టమనే సైట్ వేరే ఏదైనా కనిపిస్తే అక్కడినుంచి వచ్చేయండి.

పాస్‌వర్డ్ కంటే ముఖ్యం రికవరీ ఫోన్ నంబరు, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబరు. ఈ ఊళ్లో చదువుకునే పిల్లలు ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు. మూసేసిన నంబరుని 90 రోజులు పక్కనపెట్టి, తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆ కొత్తాయన దొంగ కానక్కర్లేదు. మీ మెయిల్‌కి రావాల్సిన కోడ్ ఆయన ఫోన్‌కి వెళ్తుంది, అంతే. గూగుల్ అకౌంట్‌లో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ రెండూ ఇప్పుడే తెరిచి చూడండి. రికవరీ ఈమెయిల్ దగ్గర ఎప్పటిదో కాలేజీ ఐడీ ఉందంటే దాన్నీ మార్చండి.

టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేయండి. ఎస్ఎంఎస్ కోడ్ అసలు లేనిదానికంటే నయం, కానీ మీ నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసి కోడ్‌లు పట్టుకునే మోసాలు ఉన్నాయి. ఫోన్లోనే కోడ్‌లు తయారుచేసే అథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో తెరిచే పాస్‌కీ గానీ దానికంటే గట్టిది. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి అక్కడే "బ్యాకప్ కోడ్స్" అని పది కోడ్‌లు ఇస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ప్రింట్ తీయించడానికి షాపుకి మాత్రం తేకండి. ఇద్దరు తెచ్చారు, అందుకే చెప్తున్నాను.

చిన్న సెట్టింగులు, ఐదు నిమిషాల్లో

ప్రకటనల మెయిళ్లలో కంటికి కనిపించని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారు. మీరు మెయిల్ తెరవగానే ఆ బొమ్మ వాళ్ల సర్వర్ నుంచి వస్తుంది, మీరు తెరిచారని వాళ్లకి తెలిసిపోతుంది. గూగుల్ 2013 చివరినుంచి బొమ్మల్ని తన సర్వర్ మీదుగా తెప్పిస్తోంది కాబట్టి మీరు ఏ ఊళ్లో ఉన్నారో వాళ్లకి నేరుగా తెలియదు, తెరిచిన సంగతి మాత్రం తెలుస్తుంది. సెట్టింగుల "జనరల్" ట్యాబ్‌లో "ఇమేజెస్" దగ్గర, బయటి బొమ్మలు చూపించే ముందు అడగమనే ఎంపిక పెట్టుకోండి.

అదే ట్యాబ్‌లో "స్మార్ట్ ఫీచర్స్" ఉంటుంది. ఆఫ్ చేస్తే మెషిన్ మీ మెయిల్ చూసి సలహాలివ్వడం తగ్గుతుంది, కానీ ప్రమోషన్స్, సోషల్ అని విడివిడిగా ఉండే ట్యాబ్‌లు కూడా పోతాయి, అన్నీ ఒకేచోట పడతాయి. నేను ఆఫ్ చేశాను. మా ఆవిడ రెండు రోజులు చూసి విసుగొచ్చి మళ్లీ ఆన్ చేసుకుంది. మీ ఓపిక మీది.

"మై యాడ్ సెంటర్"లో పర్సనలైజ్డ్ ప్రకటనలు ఆపండి. ప్రకటనలు తగ్గవు, మీ గురించి తెలిసినట్టు ఉండటం తగ్గుతుంది.

ఆరో పని: అన్నిటికీ ఒకే ఐడీ వద్దు

కనీసం మూడు. బ్యాంకు, ఆధార్, పాన్, ఇన్సూరెన్స్‌లకి ఒకటి. దాన్ని ఇంకెవరికీ చెప్పకండి, రెజ్యూమె మీద వేయకండి. మనుషులకీ ఉద్యోగాలకీ ఒకటి. బట్టల షాపు బిల్లు కౌంటర్‌లో "మెయిల్ ఐడీ చెప్పండి మేడమ్" అంటారు చూడండి, అలాంటివాటికి మూడోది. అసలు కౌంటర్‌లో "ఇవ్వను" అన్నా బిల్లు ఇస్తారు, అడిగి చూడండి.

జీమెయిల్‌లో ఒక చిట్కా ఉంది. మీ ఐడీ చివర ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. ఫలానా షాపుకి ఇచ్చేటప్పుడు ఆ షాపు పేరు చేర్చి ఇస్తే, రేపు ఆ అడ్రసుకి ఎవరో లోన్ ఇస్తామని మెయిల్ పెడితే ఎవరు అందించారో మీకు తెలుస్తుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తు ఒప్పుకోవు, అదొక్కటే ఇబ్బంది.

చుక్కల సంగతి వేరు. జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకి తీసుకోదు, చుక్క ఉన్నా లేకపోయినా ఒకే అడ్రసు. నా సొంత ఐడీ నా పేరు, ఇంటిపేరు, మధ్యలో చుక్క. విజయవాడ వైపు నా పేరే ఉన్న ఇంకొకాయన ఉన్నారు. ఆయన ఐడీ చివర ఏదో అంకె ఉండాలి, ఫారం నింపేటప్పుడల్లా మర్చిపోతారనుకుంటా. ఆయన చిట్టీ రసీదులు నాకొస్తాయి. మూడు నెలల షుగర్ రిపోర్టు వచ్చింది, కొంచెం ఎక్కువగానే ఉంది పాపం. ఒకసారి ఆయన కూతురికి సంబంధం చూస్తున్నవాళ్లు అబ్బాయి జాతకం, ఫోటోలు పంపారు. నేను తిరుగు జవాబు రాసి, తీసేశాను. ఫారంలో మెయిల్ ఐడీ రాసేటప్పుడు రెండోసారి చదువుకోండి, అడగని మనిషికి మీ షుగర్ లెక్క తెలియకుండా ఉంటుంది.

ఏడో పని: పాత ఇల్లు తాళం వేసి రండి

యాహూ, రెడిఫ్ ఐడీలు మనలో చాలామందికి ఉన్నాయి. 2013లో యాహూలో జరిగిన చోరీలో అప్పటికి ఉన్న 300 కోట్ల అకౌంట్లూ చిక్కుకున్నాయని కంపెనీయే 2017లో ఒప్పుకుంది. అదే 2013లో, చాలాకాలంగా వాడని ఐడీలను వేరేవాళ్లకి ఇస్తామని కూడా ప్రకటించింది. అంటే మీ పాత ఐడీ మీద ఇంకా ఏదైనా అకౌంట్ ఉంటే, దాని పాస్‌వర్డ్ మార్చే లింకు కొత్త ఓనర్‌కి వెళ్లే ప్రమాదం ఉంది. గూగుల్ రెండేళ్లు తాకని అకౌంట్లను తీసేయడం 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. అందుకని పాత ఐడీలు ఒక్కొక్కటీ తెరవండి. వాటి మీద ఉన్న బ్యాంకు, ఫేస్‌బుక్, షాపింగ్ అకౌంట్లను కొత్త ఐడీకి మార్చండి. కావాల్సిన మెయిళ్లు దించుకోండి. ఆ తర్వాతే అకౌంట్ మూసేయండి. ముందే మూసేస్తే మార్చడానికి కోడ్ వచ్చే దారి ఉండదు.

ఫ్రీ మెయిల్ మానేసి వెళ్లిపోవాలా?

స్విట్జర్లాండ్‌కి చెందిన ప్రోటాన్, జర్మనీకి చెందిన టూటా అనే సర్వీసులు మీ మెయిల్‌ని తాళం వేసి దాస్తాయి, ఆ చెవి కంపెనీ దగ్గర ఉండదు. రెండిటికీ ఫ్రీ ప్లాన్ ఉంది, ఇచ్చే చోటు తక్కువ. అయితే అవతలి మనిషి కూడా అక్కడే ఉంటేనే ఆ తాళానికి పూర్తి విలువ. మీరు ప్రోటాన్ నుంచి జీమెయిల్‌కి మామూలుగా పంపితే ఒక కాపీ జీమెయిల్‌లో తెరిచే ఉంటుంది. ప్రోటాన్ సబ్జెక్ట్ లైన్‌కి ఆ తాళం వేయదు. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మీద ఒక ఫ్రెంచ్ పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రసు, అంటే ఆ మనిషి నెట్ కనెక్షన్ నంబరు, ఇచ్చింది. మెయిళ్లు ఇవ్వలేదు, ఇవ్వడం కుదరదు కూడా, తన దగ్గర చెవి లేదు కాబట్టి. చెన్నై కంపెనీ జోహో మెయిల్‌లో ప్రకటనలు చూపించదు, తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరే.

నా మట్టుకు నేను బ్యాంకు, కాగితాల ఐడీని ప్రోటాన్‌కి మార్చుకున్నాను, మిగతావి జీమెయిల్‌లోనే ఉన్నాయి. మొత్తం మానేయమని మీకు చెప్పను. పిల్లల స్కూలు నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ ముడిపడ్డాక ఆ పని ఆరు నెలలు పడుతుంది. పైన చెప్పిన ఏడు పనులు చేయని మెయిల్‌ని స్విట్జర్లాండ్‌లో పెట్టినా ఒకటే.

అప్పటికే పోయిందనిపిస్తే

మీరు ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచే అకౌంట్ రికవరీకి ప్రయత్నించండి. కొత్త ఫోన్, కొత్త వైఫై అయితే గూగుల్ మిమ్మల్నే అనుమానిస్తుంది. లోపలికి రాగానే పాస్‌వర్డ్, వెంటనే రెండో పనిలో చెప్పిన మూడు ట్యాబ్‌లు, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు. డబ్బు పోతే ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. మొదటి గంటలో చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం ఉంటుంది. మీ పాస్‌వర్డ్ వేరేవాళ్లు మోసంతో వాడటం ఐటీ చట్టం 66సీ కింద నేరం. కంప్లైంట్ రాసేటప్పుడు ఆ మాట రాయండి, "హ్యాక్ అయింది" అని వదిలేయకండి.

ఇక షాపు మెయిల్ సంగతి. మూడు రాత్రులు పట్టింది, మొత్తం ఖాళీ చేశాను. ఇప్పుడు రోజూ షట్టర్ వేసే ముందు ఆ రోజువి తీసేస్తాను. పోయిన నెల పక్క హాస్టల్ అమ్మాయి వచ్చింది. మర్నాడు పొద్దున్నే నానక్‌రామ్‌గూడలో వీసా ఇంటర్వ్యూ.

"అన్నా, పోయినేడు నీకు పంపిన పాస్‌పోర్టు కాపీ ఉంటది గదా, అదే ఇంకోటి ప్రింట్ తియ్యి. నా ఫోన్ మారింది, ఇందులో లేదు."

"లేదమ్మా, తీసేశాను. ఇప్పుడు ఎవరివీ ఉంచట్లేదు."

ఆమె నా మొహం వైపు చూసి, "అట్లెట్ల తీసేస్తవన్నా?" అంది. ఎదురుగా ఇంకో షాపు ఉంది. రోడ్డు దాటి వెళ్లింది. రెండు నిమిషాల్లో చేతిలో ప్రింటుతో బయటికొచ్చింది. వాళ్ల దగ్గర ఉంది.